సాఫ్ట్‌వేర్ 7.4 అంటోంది, చార్టు 6 అంటోంది: గ్రెయిన్ సైజు ఏది నమ్మాలి?

ప్రశ్న: నేను మెటలోగ్రఫీ ల్యాబ్‌లో, అంటే లోహాన్ని మైక్రోస్కోపు కింద చూసే చోట, చేరి ఎనిమిది నెలలైంది. 304హెచ్ స్టెయిన్‌లెస్ స్టీలు ట్యూబుల గ్రెయిన్ సైజు, అంటే లోహంలోని చిన్న చిన్న స్ఫటికాలు ఎంత పెద్దవో, చూడటం నా పని. ఇన్నాళ్లూ మా సీనియర్ ప్రామాణిక బొమ్మల చార్టుతో పోల్చి నంబరు చెప్పేవారు. ఈమధ్యే ఇమేజ్ అనాలిసిస్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఒకే శాంపిల్‌కి సీనియర్ 6 అన్నారు, సాఫ్ట్‌వేర్ 7.4 చూపించింది. థ్రెషోల్డ్ స్లైడర్ అటూ ఇటూ జరిపితే 6.8 నుంచి 8.1 దాకా ఏదంటే అది వస్తోంది. అనుమానం తీరక ఇంటికెళ్లి ఇమేజ్‌జే అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లో అదే ఫొటో మీద గ్రెయిన్ లోపల పడే ట్విన్ గీతలు వదిలేసి, గ్రెయిన్ బౌండరీలు (గ్రెయిన్ల మధ్య సరిహద్దులు) మాత్రమే చేత్తో గీసి లెక్క కట్టాను. అంచు తగిలినవి తీసేసి, మిగిలిన గ్రెయిన్ల సగటు వైశాల్యం నుంచి వ్యాసం తీసి సూత్రంలో వేస్తే 5.3 వచ్చింది. కంప్యూటర్ చెప్పిందే రిపోర్టులో వేయమంటున్నారు మేనేజర్. మెషీన్‌ని నమ్మొద్దంటున్నారు సీనియర్. ఫొటో పంపుతున్నాను. 20 ఎక్స్ ఆబ్జెక్టివ్‌తో తీసింది, 2048 బై 1536 పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్ 0.25 మైక్రాన్లు. ఎవరిది సరైన అంకె?

సమాధానం: ముందు ఆ ట్యూబుల సంగతి తేలుద్దాం. మీరు పంపిన ఫొటో మీద నేను చేత్తో లెక్కపెట్టాను, 6.0 వచ్చింది. ఒక్క ఫొటో చూసి లాట్ పాసనీ ఫెయిలనీ అనకూడదు. కానీ 7.4 అన్న అంకె పట్టుకుని ఎవరైనా ఆ ట్యూబుల్ని రిజెక్ట్ చేసి ఉంటే ఆ కాగితం ఈరోజే ఆపించండి. 304హెచ్ స్పెసిఫికేషన్ అడిగేది 7 నంబరు, లేదా అంతకంటే ముతక. నంబరు పెరిగేకొద్దీ గ్రెయిన్ సన్నబడుతుంది కాబట్టి 7.4 అంటే ఫెయిల్, 6.0 అంటే పాస్. ఎక్కువ వేడిలో ఏళ్ల తరబడి ఒత్తిడి మోసే ట్యూబు మెల్లమెల్లగా సాగిపోవడాన్ని క్రీప్ అంటాం కదా, దాన్ని తట్టుకోవడానికి ముతక గ్రెయినే మేలు. అందుకే ఆ షరతు పెట్టారు. మంచి ట్యూబు తప్పు లెక్క వల్ల తుక్కులోకి పోకూడదు. ఇంకో రోజు ఇదే తప్పు తిరగబడి, సన్నటి గ్రెయిన్‌ని ముతక అని పాస్ చేయనూ కూడదు.

ఇక 7.4 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఫొటో మధ్యకి కాస్త ఎడమగా ఆరు వైపులున్న పెద్ద గ్రెయిన్ ఒకటుంది. దాని లోపల ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకి రూళ్లకర్ర పెట్టి గీసినట్టు రెండు సమాంతర గీతలు పోతున్నాయి. వాటి మధ్య పట్టీయే ట్విన్. ఆస్టెనైటిక్ స్టెయిన్‌లెస్ స్టీల్లో (మీ 304హెచ్ ఆ రకమే), రాగిలో, ఇత్తడిలో, నికెల్ మిశ్రమాల్లో అనీలింగ్, అంటే వేడిచేసి మెత్తబరచడం, అయ్యాక ఇవి సహజంగా వస్తాయి. అసలు గ్రెయిన్ బౌండరీ ఇలా ఉండదు. అది కాస్త వంపు తిరుగుతుంది, పోయి పోయి మూడు గ్రెయిన్లు కలిసే చోట ముగుస్తుంది. ట్విన్ గీతకి వంపు ఉండదు, ఎక్కువగా జంటగా వస్తుంది, పుట్టిన గ్రెయిన్ దాటి బయటికి పోదు. కొన్ని ట్విన్లు గ్రెయిన్ మధ్యలోనే ఆగి, కొస దగ్గర కత్తిరించినట్టు కనిపిస్తాయి. గ్రెయిన్ సైజు లెక్కలో ట్విన్ గీతలు రావు, గ్రెయిన్ సైజు కొలతకి వాడే ప్రమాణం ఏఎస్‌టీఎం ఈ112 చెప్పేదీ అదే. ఎనిమిది నెలల్లో మీ కన్ను వాటిని పట్టేస్తోంది, చేత్తో గీసేటప్పుడు వదిలేశారు కూడా. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం అక్కడున్నది నల్లటి గీత, అంతే. ఒక్క పట్టీ అడ్డంగా వెళ్తే ఒక గ్రెయిన్ దాని లెక్కలో మూడు ముక్కలు.

ఇది ఊహ కాదని చూపిస్తాను. మీ ఫొటో వెడల్పు 512 మైక్రాన్లు. దాని మీద అడ్డంగా ఐదు గీతలు గీశాను, మొత్తం పొడవు 2560 మైక్రాన్లు. ఆ గీతలు గ్రెయిన్ బౌండరీలని ఎన్నిసార్లు దాటుతున్నాయో లెక్కపెడితే 64. భాగిస్తే 40 మైక్రాన్లు. ఒక్కో గ్రెయిన్ లోపల పడే గీత ముక్క సగటు పొడవు ఇది, దీన్నే సగటు ఇంటర్‌సెప్ట్ అంటాం. సూత్రంలో వేస్తే నంబరు 6.0. అవే గీతల మీద ఈసారి ట్విన్ గీతల్ని కూడా కలిపి లెక్కపెట్టాను. 104 వచ్చాయి. సగటు 24.6 మైక్రాన్లు, నంబరు 7.4. మీ సాఫ్ట్‌వేర్ చూపించిన అంకె అచ్చంగా అదే. అది తప్పు లెక్కపెట్టలేదు, లెక్కలోకి రానివాటిని మనం దానికి అప్పగించాం.

ఈ మార్పిడి సూత్రం గుర్తుండకపోతే ఒక సులువు పద్ధతి ఉంది. సగటు ఇంటర్‌సెప్ట్ 320 మైక్రాన్లు ఉంటే నంబరు 0 అనుకోండి. అది సగం అయిన ప్రతిసారీ నంబరు రెండు పెరుగుతుంది. 160కి 2, 80కి 4, 40కి 6, 20కి 8, 10కి 10. ఈ వరస నోటికి వస్తే స్క్రీన్ మీది అంకె నమ్మదగిందో కాదో ఫొటో చూడగానే తెలిసిపోతుంది. స్కేల్ బార్ 50 మైక్రాన్లుండి, గ్రెయిన్లు దానికి కాస్త అటూ ఇటూగా ఉన్నప్పుడు సాఫ్ట్‌వేర్ 9 అంటే అక్కడే ఆగండి.

స్లైడర్ సంగతి. థ్రెషోల్డ్ అంటే ఎంత ముదురు రంగు ఉన్నదాన్ని బౌండరీగా తీసుకోవాలో చెప్పడం. బౌండరీలు కనిపించేలా శాంపిల్ పైభాగాన్ని ఆమ్లంతో కొద్దిగా కొరికించడాన్ని ఎచింగ్ అంటాం కదా. బాగా ముదురువాటినే తీసుకోమంటే సన్నగా ఎచ్ అయిన బౌండరీలు మధ్యమధ్య తెగిపోతాయి. ఒక్క చోట రెండు పిక్సెళ్ల సందు చాలు, పక్కపక్క గ్రెయిన్లు రెండూ కలిసి ఒకటైపోతాయి, నంబరు పడిపోతుంది. లేత రంగుల్ని కూడా రానిస్తే పాలిషింగ్ గీతలు, ఎచింగ్ గుంటలు, ఇన్‌క్లూజన్లు (లోహంలో ఇరుక్కున్న మలినాలు) అన్నీ బౌండరీ వేషం వేస్తాయి, నంబరు ఎగబాకుతుంది. 6.8 నుంచి 8.1 దాకా ఊగడానికి కారణం ఇదే. స్లైడర్‌ని ఏ అంకె దగ్గర ఆపాలన్నది అసలు ప్రశ్న కాదు. మంచి ఎచింగ్ ఉన్న ఫొటోలో స్లైడర్‌ని కాస్త కదిపినా జవాబు పెద్దగా మారదు. అంతగా మారుతోందంటే శాంపిల్ మళ్లీ పాలిష్ చేయాలని అర్థం. నా అనుభవంలో గ్రెయిన్ సైజు గొడవల్లో ఎక్కువ భాగం పాలిషింగ్ చక్రం దగ్గర మొదలైనవే, కంప్యూటర్ దగ్గర కాదు. కలిసిపోయిన ఆకారాల్ని విడదీసే వాటర్‌షెడ్ బటన్ నొక్కితే తెగిన బౌండరీలు అతుక్కున్నట్టు కనిపిస్తాయి, నిజమే. కానీ గ్రెయిన్ ఆకారం కాస్త నొక్కుకుపోయి ఉన్న చోటల్లా లేని బౌండరీని కూడా అదే గీస్తుంది. వాడండి, కానీ వాడాక గీసిన బొమ్మని అసలు ఫొటో మీద పరిచి చూడకుండా ముందుకి పోకండి.

ఎచింగ్ మాట వచ్చింది కాబట్టి, మీకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడేది ఇదే అనుకుంటున్నాను. ఆస్టెనైటిక్ స్టెయిన్‌లెస్‌కి 60 శాతం నైట్రిక్ ఆమ్లం, 40 శాతం నీళ్లు కలిపి, ఒక వోల్టు లోపు డీసీతో ఎలెక్ట్రోలిటిక్ ఎచింగ్ చేస్తే గ్రెయిన్ బౌండరీలు కనిపిస్తాయి, ట్విన్లు దాదాపుగా కనిపించవు. ట్విన్ కనిపించని ఫొటో ఇస్తే సాఫ్ట్‌వేర్‌కి ట్విన్లని లెక్కపెట్టే అవకాశమే ఉండదు. వోల్టేజి పెంచితే ట్విన్లు మళ్లీ బయటపడతాయి, కాబట్టి తక్కువతో మొదలుపెట్టి చూసుకుంటూ పోండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను: ఇందులో ఆల్కహాల్ చుక్క కూడా కలపొద్దు. నైటాల్‌కి (ఆల్కహాల్‌లో కొద్దిగా నైట్రిక్ ఆమ్లం కలిపిన ఎచింగ్ ద్రావణం) అలవాటు పడ్డ చేతులు నైట్రిక్ ఆమ్లం పక్కన ఆల్కహాల్ సీసా కోసం వెతుకుతాయి. ఇంత గాఢమైన నైట్రిక్ ఆమ్లానికి ఆల్కహాల్ తగిలితే పేలే ప్రమాదం ఉంది. ఆమ్లాన్ని నీళ్లలోకి పోయండి, నీళ్లని ఆమ్లంలోకి కాదు. పని ఫ్యూమ్ హుడ్ కిందే. ఎచింగ్ అయ్యాక శాంపిల్‌ని నీళ్లతో బాగా కడిగిన తర్వాతే ఆరబెట్టడానికి ఆల్కహాల్ వాడండి.

ఇక మీ 5.3. ఇంటికెళ్లి ఫొటో మీద ఒక్కో బౌండరీ గీసుకుంటూ కూర్చున్నారంటే మీకు ఈ పని మీద ఎంత శ్రద్ధ ఉందో తెలుస్తోంది. గీసింది సరిగ్గానే గీశారు. పొరపాటు చివరి మెట్టులో జరిగింది. మీ గ్రెయిన్ల సగటు వైశాల్యం 2020 చదరపు మైక్రాన్లు. దాన్ని గుండ్రటి వృత్తంగా అనుకుంటే వ్యాసం 50.7 మైక్రాన్లు వస్తుంది, అంతవరకూ బాగుంది. కానీ మీరు వేసిన సూత్రం ఇంటర్‌సెప్ట్ పొడవుకి రాసింది. ఇంటర్‌సెప్ట్ అంటే ఒక గీత గ్రెయిన్‌ని ఎక్కడపడితే అక్కడ కోసుకుంటూ పోతే లోపల పడే ముక్క పొడవు. గీత ప్రతిసారీ గ్రెయిన్ నడిమధ్య నుంచే పోదు, ఒక్కోసారి మూలని మాత్రమే తాకి పోతుంది. అందుకే సగటు ఇంటర్‌సెప్ట్ వ్యాసం కంటే చిన్నదిగా ఉంటుంది. ఒకే గ్రెయిన్లకి వ్యాసం 50.7, ఇంటర్‌సెప్ట్ 40. ఒకదాని సూత్రంలో ఇంకోదాన్ని వేస్తే నంబరు 0.7 దాకా ముతక వైపు జారిపోతుంది. 6.0 కాస్తా 5.3 అయ్యింది అలాగే.

వైశాల్యం చేతిలో ఉన్నప్పుడు వ్యాసం దాకా వెళ్లాల్సిన పనే లేదు. 2020 చదరపు మైక్రాన్లకి ఒకటి చొప్పున అంటే చదరపు మిల్లీమీటరుకి 495 గ్రెయిన్లు. దాని లాగరిథం 10 ఆధారంగా తీసి, 3.3219తో గుణించి, 2.954 తీసేయండి. 6.0 వస్తుంది. మీ సొంత గీతల్లోంచే సరైన జవాబు.

అయినా సగటు వైశాల్యం కంటే నేను గ్రెయిన్లు లెక్కపెట్టడమే ఇష్టపడతాను, జెఫ్రీస్ పద్ధతిలో. అంచు తగిలిన గ్రెయిన్లని వదిలేయమని ఇమేజ్‌జేలో ఒక ఆప్షన్ ఉంటుంది, మీరు టిక్ పెట్టింది దానికే. ఒక్కో గ్రెయిన్ పూర్తి ఆకారం కావాలంటే అది సరైనదే. కానీ పెద్ద గ్రెయిన్‌కి అంచు తగిలే అవకాశం చిన్నదాని కంటే ఎక్కువ, అందుకని మిగిలినవాటి సగటు కొంచెం సన్న వైపు మొగ్గుతుంది. పైగా బౌండరీ గీత మందంగా పడితే ఆ మందమంతా గ్రెయిన్ వైశాల్యంలోంచే పోతుంది. 40 మైక్రాన్ల గ్రెయిన్ చుట్టూ ఎనిమిది పిక్సెళ్ల గీత పడితే, అంటే రెండు మైక్రాన్లు, వైశాల్యంలో దాదాపు పది శాతం మాయం. లెక్కపెట్టడంలో ఈ రెండు బాధలూ ఉండవు. ఫొటో లోపల పూర్తిగా ఉన్నవి ఎన్నో చూడండి, అంచు కోసినవాటిలో (మూలల్లోవి కాక) సగం కలపండి, ఫొటో నలుచదరంగా ఉంటే నాలుగు మూలల కోసం ఒకటి కలపండి. మీ ఫొటోలో లోపల 74, అంచున 45. కలిపితే 97.5. ఫొటో వైశాల్యం 0.1966 చదరపు మిల్లీమీటర్లు. భాగిస్తే 496, మళ్లీ 6.0. అదే ఆ 74ని మాత్రమే తీసుకుని మొత్తం వైశాల్యంతో భాగించి ఉంటే 5.6 వచ్చేది. ఈ తప్పు చేసే మాక్రోలు చాలా తిరుగుతున్నాయి. మీ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ అంచు గ్రెయిన్లని ఏం చేస్తోందో మాన్యువల్‌లో వెతికి చూడండి.

క్యాలిబ్రేషన్ గురించి నేను స్వయంగా చేసిన తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక ల్యాబ్‌లో పనిచేసేటప్పుడు ఫొటోల్ని ఒక కంప్యూటర్‌లో తీసి, మెసేజ్‌లో పంపుకుని, ఇంకో కంప్యూటర్‌లో కొలిచేవాణ్ణి. పంపేటప్పుడు ఫొటో సైజు సగానికి తగ్గిపోతోందని నేను గమనించలేదు. పిక్సెల్ విలువ మాత్రం పాతదే వాడాను. రెండు వారాల పాటు ప్రతి శాంపిల్‌కీ నంబరు రెండు ఎక్కువగా వచ్చింది. అన్నీ ఒకేలా తేడాగా ఉండటంతో ఫర్నేస్‌లోనే ఏదో మారిందనుకుని, ఫర్నేస్ వాళ్లని ఇబ్బంది పెట్టాను. తర్వాత వాళ్ల దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను. అప్పటి నుంచి ఒకటి గుర్తు పెట్టుకున్నాను. తేడా సరిగ్గా 2 ఉంటే ఫొటో ఎక్కడో సగమై ఉంటుంది. 20 ఎక్స్ విలువతో 50 ఎక్స్ ఫొటోని కొలిస్తే తేడా 2.6, ముతక వైపు. లోహం ఇంత ఖచ్చితమైన అంకెల్లో మారదు, మనిషి చేసిన పొరపాటే అలా మారుస్తుంది. ప్రతి ఆబ్జెక్టివ్‌కీ స్టేజ్ మైక్రోమీటర్ పెట్టి విడిగా క్యాలిబ్రేట్ చేయండి. ఒక మిల్లీమీటరుని వంద భాగాలు చేసిన గాజు స్కేలు అది, గీతకీ గీతకీ 10 మైక్రాన్లు. కెమెరా రిజల్యూషన్ మార్చిన రోజు మళ్లీ చేయండి. స్కేల్ బార్‌ని ఫొటో మీదే ముద్రించుకుని ఉంచుకోండి. ఫొటో ఎక్కడికి పోయినా, ఎంత చిన్నదైనా, బార్ దాంతోపాటే మారుతుంది కాబట్టి మోసం ఉండదు.

మీ సీనియర్ గురించి. ఈ శాంపిల్‌కి ఆయన చెప్పింది సరైనదే, ఆయన కన్ను ట్విన్లని దానంతటదే వదిలేస్తోంది. అయితే చార్టు పద్ధతికి ఒక హద్దు ఉంది. ఒకే మనిషి మళ్లీ చూసినా అర నంబరు తేడా రావచ్చు, మనిషి మారితే ఒక నంబరు దాకా రావచ్చు. 3, 4 నంబర్ల దగ్గర ఉన్న లాట్‌కి చార్టు హాయిగా సరిపోతుంది. 7 గీత దగ్గర ఊగిసలాడే లాట్‌కి సరిపోదు, అప్పుడు లెక్కపెట్టాల్సిందే. ఆయన్ని ఒక విషయం అడిగి చూడండి: ఏ ప్లేటుతో పోల్చారు? ఈ112లో ట్విన్లు లేని గ్రెయిన్లకి మొదటి ప్లేటు, ట్విన్లున్నవాటికి రెండో ప్లేటు వేరువేరుగా ఉన్నాయి. మీ ట్యూబులకి రెండోది.

లాట్ మీద నిర్ణయానికి ఒక్క ఫొటో చాలదన్నాను కదా. కనీసం ఐదు చోట్ల ఫొటోలు తీయండి. ఐపీస్‌లో చూస్తూ అందంగా ఉన్న చోటు ఎంచుకోకండి, స్టేజిని చూడకుండా జరిపి ఎక్కడ ఆగితే అక్కడే తీయండి. ఉదాహరణకి ఐదు ఫొటోల్లో సగటు ఇంటర్‌సెప్ట్‌లు 38, 41, 43, 37, 41 మైక్రాన్లు వచ్చాయనుకుందాం. సగటు 40. వీటి స్టాండర్డ్ డీవియేషన్ 2.45. ఐదు ఫొటోలకి వాడాల్సిన గుణకం 2.776. దాంతో గుణించి, ఐదు వర్గమూలంతో భాగిస్తే 3.04 మైక్రాన్లు, సగటులో 7.6 శాతం. 10 శాతం లోపుంటే ఒప్పుకోవచ్చు. దాటితే ఇంకొన్ని ఫొటోలు తీయాలి. మొత్తం మీద దాటిన బౌండరీల లెక్క 400 నుంచి 500 మధ్యకి చేరితే నిశ్చింత. మీ ఫొటోల్లో ఒక్కోదానికి అరవై నాలుగు చొప్పున చూస్తే ఏడు ఫొటోలు.

గ్రెయిన్లు ఒక దిక్కుకి సాగి ఉంటే ఒక్క తలం మీద కొలత చాలదు, పొడవు వెంట, అడ్డంగా కూడా కోసి చూడాలి. ముతకవీ సన్నవీ గుంపులు గుంపులుగా కలిసి ఉంటే సగటు నంబరే అబద్ధం చెబుతుంది, దానికి ఈ1181 అనే ప్రమాణం వేరే ఉంది. మీ ఫొటోలో ఈ రెండు చిక్కులూ నాకు కనిపించలేదు.

ఇమేజ్‌జేకి విస్తరించిన రూపమైన ఫిజీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ట్రైనబుల్ వెకా సెగ్మెంటేషన్ లాంటి, ఉదాహరణలు చూపి నేర్పించే పనిముట్లతో ట్విన్లని వదిలేయడం నేర్పించవచ్చా అనే ప్రశ్న మీకు తప్పకుండా వస్తుంది. నేను ప్రయత్నించాను. గీతని గ్రెయిన్ లోపలి భాగం నుంచి వేరు చేయడం అది చక్కగా నేర్చుకుంటుంది. కానీ దగ్గర నుంచి చూస్తే ట్విన్ గీత పిక్సెళ్లూ, బౌండరీ గీత పిక్సెళ్లూ ఒకే రంగు, ఒకే మందం. తేడా ఆ గీత పోయే దారిలో ఉంది, అది ఈ పనిముట్టు చూపుకి అందడం కష్టం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో స్ఫటికం ఏ దిశగా ఉందో కొలిచే ఈబీఎస్‌డీ ఉన్న చోట ఈ సమస్య లేదు. ట్విన్‌కీ గ్రెయిన్‌కీ మధ్య తిరుగుడు 111 అనే స్ఫటిక అక్షం చుట్టూ 60 డిగ్రీలని తెలుసు కాబట్టి వాటిని పేరు పెట్టి వేరు చేయవచ్చు. రోజువారీ ట్యూబుల పరీక్షకి అంత అవసరం లేదు, ఎచింగ్ మార్చడమే చవకైన దారి.

మేనేజర్‌కి చూపించడానికి ఒక పని చేయండి. ఆ ఫొటోని రెండు కాపీలు ప్రింట్ తీయండి. ఒకదాని మీద సాఫ్ట్‌వేర్ గుర్తించిన బౌండరీలన్నీ ఎర్ర రంగులో, రెండోదాని మీద మీరు చేత్తో గీసినవి. పక్కపక్కన పెట్టి, ఆ ఆరు వైపుల గ్రెయిన్ మీద వేలు పెట్టండి. మీ సీనియర్‌ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ తర్వాత కొత్తగా ఎచ్ చేసిన శాంపిల్ మీద ఐదు ఫొటోలు తీసి, సాఫ్ట్‌వేర్‌తోనూ చేత్తోనూ కొలవండి. రెండూ 0.3 లోపు కలిస్తే ఆ సెట్టింగుల్ని సేవ్ చేసి, ఈ స్టీలుకి, ఈ ఎచింగ్‌కి అవే వాడండి. రిపోర్టులో నంబరు ఒక్కటే రాసి ఊరుకోవద్దు. ఏ పద్ధతి, ఏ ఎచింగ్, ఎన్ని ఫొటోలు, ట్విన్లు వదిలేశారా లేదా, తేడా ఎంత, అన్నీ రాయండి. పైన చెప్పిన ఐదు ఫొటోల లెక్కే వస్తే రాయాల్సింది 6.0, అటూ ఇటూ 0.2.